పాత చైన్ రంపం, కట్టెలు చీల్చే మిషన్: కొనేటప్పుడు ఎలా చూడాలి, ఎలా అమ్మాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి, ఇటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి అడిగేవాళ్లందరి ప్రశ్నా దాదాపు ఒకటే. "పాత చైన్ రంపం ఒకటి చూశానండీ, తాడు లాగగానే స్టార్టయింది, కొనేయనా?" తాడు లాగగానే స్టార్టయిందంటే మీరు వెళ్లే ముందే అమ్మేవాడు దాన్ని ఒకసారి నడిపి ఉంచాడేమోనని నా మొదటి అనుమానం. పాత మిషన్‌ను చల్లగా ఉన్నప్పుడు చూడాలి, విప్పి చూడాలి, కాగితంతో సహా చూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి అమ్మేవాడు ఒప్పుకోకపోయినా అక్కడితో బేరం ఆపేయండి.

మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో పాత మిషన్లు ప్రధానంగా మూడు దారుల్లో వస్తాయి. రాయగడ దగ్గర జేకేపూర్ కాగితం మిల్లుకు వెళ్లే నీలగిరి, సుబాబుల్, సరుగుడు కోసే కాంట్రాక్టర్లు కొంతకాలం వాడి మార్చేసేవి మొదటి రకం. ఇవి బాగా అరిగి ఉంటాయి కానీ నడపడం తెలిసినవాళ్ల చేతిలో ఉన్నవి. తుపాను తర్వాత హడావిడిగా కొన్నవి రెండో రకం. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి పోయాక ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లోనూ గజపతి జిల్లా రోడ్ల మీదా పడిన చెట్లు కోయడానికి రంపం దొరికితే చాలన్నట్టు ఉండేది పరిస్థితి. అలాంటి సమయంలో కొన్న మిషన్ చూపుకు కొత్తగానే ఉంటుంది, లోపల పిస్టన్ మాత్రం గీతలు పడి ఉండవచ్చు. కొత్తవాళ్లు పెట్రోలులో ఆయిల్ సరిగా కలపరు. నన్నడిగితే, తళతళలాడే తుపాను మిషన్ కన్నా రంగు పోయిన కాంట్రాక్టరు మిషనే నయం. మూడో రకం ఎక్కడిదో ఎవరికీ తెలియని మిషన్. దాని సంగతి ఒకటో మెట్టులో చెబుతాను.

వెంట తీసుకెళ్లవలసినవి

- ప్లగ్గు పానా, టీ-27 స్టార్ కీ, చిన్న స్క్రూడ్రైవర్. స్టిల్ కంపెనీ మిషన్లలో చాలా బోల్టులు టీ-27 కీతోనే ఊడతాయి.
- చిన్న టార్చి. ఫోను లైటు సైలెన్సర్ రంధ్రంలోకి సరిగా పడదు.
- కంప్రెషన్ గేజి, 14 మి.మీ. అడాప్టర్‌తో. మోటారు సైకిల్ మెకానిక్కు దగ్గర అరువు తీసుకోవచ్చు. ఇప్పటి బైకుల్లో చాలావాటి ప్లగ్గు ఇంతకన్నా సన్నం, కాబట్టి అడాప్టర్ ఉందో లేదో ముందే చూసుకోండి.
- మీ చేత్తో కలిపిన అర లీటరు పెట్రోలు, కొంచెం చైన్ ఆయిల్.
- ఒక తెల్ల కాగితం, ఒక ఖాళీ గాజు సీసా.
- చేతి గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు. రబ్బరు చెప్పులతో రంపం పరీక్షించడం వద్దు.
- కోయడానికి ఒక ఎండు నీలగిరి దుంగ. అమ్మేవాడు మెత్తటి మునగ కొమ్మో అరటి బోదో చూపిస్తే వద్దనండి.

చైన్ రంపం: వరుసగా చూడవలసినవి

1. ముందు కాగితం, తర్వాతే మిషన్. అసలు బిల్లు అడగండి. బిల్లు మీది నంబరు, మిషన్ క్రాంక్‌కేసు (ఇంజను కింది గట్టి పెట్టె) మీద చెక్కి ఉన్న నంబరు ఒకటేనా చూడండి. స్టిక్కరు మీది నంబరును లెక్కలోకి తీసుకోవద్దు, స్టిక్కరు ఎవరైనా అతికించవచ్చు. చెక్కిన నంబరును ఆకురాయితో రాసేసి ఉంటే ఇంకేమీ అడగకుండా వచ్చేయండి. ఒడిశా అటవీ చట్టం 1972, ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 రెండింటిలోనూ అటవీ నేరంలో వాడిన పనిముట్లను, బండ్లను సిబ్బంది స్వాధీనం చేసుకోవచ్చు. మహేంద్రతనయ నదికి ఒక ఒడ్డున పోయిన రంపం రెండో ఒడ్డున సగం ధరకు దొరికితే ఆ సగం ధర ఎందుకో ఆలోచించండి. బిల్లు నిజంగానే పోయిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కొన్న కొట్టు పేరు అడిగి, ఆ కొట్టుకు ఫోను చేసి నంబరు చెప్పి సరిచూడండి. కొట్టు పేరు కూడా గుర్తులేదంటే వదిలేయండి.

2. అసలుదా, నకలా? పేరున్న కంపెనీల రంగులు వేసిన నకళ్లు సంతల్లోకి కూడా వస్తున్నాయి. పేరు అచ్చులో అక్షరదోషం, పిడి దగ్గర ప్లాస్టిక్ అంచులు గరుకుగా ఉండటం, క్రాంక్‌కేసు మీద నంబరు అసలే లేకపోవడం వాటి గుర్తులు. నకలు పని చేయదని కాదు. నకలును నకలు ధరకు కొనండి, అంతే. పేరులేని 58 సీసీ చైనా మిషన్లను నకళ్లతో కలపకండి. అవి తమ పేరుతోనే అమ్ముడవుతాయి, విడిభాగాలు కూడా దొరుకుతాయి.

3. చేయి పెట్టి చూడండి. సిలిండర్ కవరు మీద, సైలెన్సర్ దగ్గర చేయి ఆనించండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందు నడిపారని అర్థం. టీ తాగి, అరగంట ఆగి, చల్లారాక మొదలుపెట్టండి. దీనికి మొహమాటపడవద్దు.

4. ట్యాంకులోది సీసాలో పోయించండి. టూటీ ఆయిల్‌కు (పెట్రోలులో కలిపే రెండు స్ట్రోకుల ఇంజను ఆయిల్) రంగు ఉంటుంది, కంపెనీని బట్టి ఎరుపో, నీలమో, ఆకుపచ్చో. సీసా వెనుక తెల్ల కాగితం పెట్టి చూస్తే కలిపిన పెట్రోలుకు ఆ ఛాయ కనిపించాలి. పెట్రోలు ఏ ఛాయా లేకుండా తేటగా ఉంటే మిషన్ ఆయిల్ లేకుండా తిరిగిందన్నమాట. అలాంటిదాన్ని విప్పి చూడటం కూడా అనవసరం. సీసా అడుగున నీటి పొర విడిగా కనిపిస్తే అది ఇథనాల్ తెచ్చిన తంటా. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉండిపోతే కార్బ్యురేటర్‌లోని పల్చటి రబ్బరు పొరలు బిరుసెక్కుతాయి. కార్బ్యురేటర్ కిట్టు ఖర్చు పెద్దదేమీ కాదు, బేరంలో తగ్గించుకోండి.

5. సైలెన్సర్ విప్పి పిస్టన్ చూడండి. మొత్తం పరీక్షలో దీన్ని మించింది లేదు. రెండు మూడు నట్లు విప్పితే సైలెన్సర్ ఊడుతుంది, రంధ్రంలోంచి పిస్టన్ పక్క భాగం కనిపిస్తుంది. తాడును మెల్లగా లాగుతూ పిస్టన్‌ను కిందికీ పైకీ కదిలించి, టార్చి వేసి చూడండి. నునుపుగా, సన్నటి అడ్డగీతలతో ఉంటే మంచిది. నిలువుగా లోతైన చారలు ఉంటే ఆయిల్ తగ్గడమో, గాలి ఎక్కువై మిశ్రమం పలచబడటమో జరిగింది, పిస్టన్ పట్టేసింది. పిస్టన్, సిలిండర్ రెండూ మార్చాలి.

ఎయిర్ ఫిల్టర్ తీసి అటువైపు కూడా చూడండి. కార్బ్యురేటర్ నోట్లో సన్నటి దుమ్ము వేలికి అంటితే ఫిల్టర్ చిరిగిందనో, అసలు లేకుండా నడిపారనో అర్థం. అలాంటి మిషన్ పిస్టన్ కార్బ్యురేటర్ వైపు మసకబారి అరిగి ఉంటుంది. ఎర్రమట్టి తోటల్లో పనిచేసిన మిషన్లలో ఈ దెబ్బ ఎక్కువ. "విప్పితే గ్యారంటీ పోతుంది" అని అమ్మేవాడు అడ్డం చెబితే నవ్వి ఊరుకోండి. పాత మిషన్‌కు గ్యారంటీ ఎక్కడిది?

6. కంప్రెషన్. గేజి లేకపోతే చిన్న ఉపాయం ఉంది. స్విచ్చి ఆపి, స్టార్టరు పిడి పట్టుకుని మిషన్‌ను దాని బరువుతోనే వేలాడదీయండి. ఆగి ఆగి, మెట్లు దిగినట్టు కిందికి జారితే కంప్రెషన్ ఉన్నట్టు. సర్రున జారిపోతే లేనట్టు. పెద్ద మిషన్లలో స్టార్టింగు తేలిక చేసే చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి ఉంటే ఈ పరీక్ష తప్పు చెబుతుంది. ముందు ఆ బటన్ పైకి వచ్చి ఉందో లేదో చూడండి.

గేజి ఉంటే ప్లగ్గు తీసి బిగించి, స్విచ్చి ఆపి, రేసు పూర్తిగా నొక్కి, ముల్లు ఇక పెరగదనేదాకా తాడు లాగండి. 140–150 పీఎస్ఐ వస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. 120 కన్నా తక్కువైతే పిస్టన్ రింగుల ఖర్చు, కొన్నిసార్లు మొత్తం బోరు (సిలిండర్, పిస్టన్) ఖర్చు మీ మీద పడుతుంది. చిన్న మిషన్లకు అంకె కాస్త తక్కువగా రావచ్చు, కాబట్టి ఈ ఒక్క అంకె చూసి నిర్ణయించకండి. పిస్టన్ నునుపుగా కనిపించి అంకె కొంచెం తగ్గిందంటే రింగులతో సరిపోతుంది.

7. బార్, చైన్, పళ్ల చక్రం. బార్ అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టా. వీటికి మార్పిడి ఎప్పుడూ ఉంటుంది, అరిగాయని మిషన్‌ను కాదనవద్దు. ఖర్చు లెక్క వేసి ధరలో తగ్గించండి. చైన్ పళ్ల పైభాగం 3–4 మి.మీ. మాత్రమే మిగిలితే చైన్ అయిపోయినట్టే. బార్‌ను చదునైన బండ మీద అంచు మీద నిలబెడితే నిటారుగా నిలవాలి. ఒక పక్కకు ఒరిగితే పట్టాలు ఎగుడుదిగుడుగా అరిగాయి. చైన్ నడిపే చక్రం మీద గాడి అర మిల్లీమీటరు దాటి లోతుగా ఉంటే చక్రం కూడా మార్చాలి. పాత చక్రం మీద కొత్త చైన్ వేస్తే ఆ చైన్ కూడా త్వరగా పాడవుతుంది. కొబ్బరి మొద్దులు కోసిన మిషనైతే క్లచ్ కవరు తీసి చూడండి, పీచు కూరుకుపోయి ఉంటుంది. ఆ పీచు చైన్ ఆయిల్ వచ్చే రంధ్రాన్ని మూసేస్తుంది.

8. ఇప్పుడు స్టార్టు చేయండి. మీరు తెచ్చిన పెట్రోలే పోయండి. మిషన్‌ను నేల మీద పెట్టి, వెనుక పిడిలో బూటు కాలు ఉంచి, చైన్ బ్రేకు వేసి లాగండి. చల్లటి మిషన్ చోక్‌తో కొన్ని లాగుళ్లకు అందుకోవాలి. స్టార్టయ్యాక ఇవి చూడండి:

- రేసు వదిలితే చైన్ ఆగాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ఐడిల్ స్క్రూ (రేసు వదిలినప్పటి వేగాన్ని సరిచేసేది) తిప్పి చూడండి. అప్పటికీ ఆగకపోతే క్లచ్ స్ప్రింగు పోయింది.
- మిషన్‌ను పక్కకు, ముందుకు వంచండి. వంచినప్పుడల్లా చప్పుడు ఎక్కి దిగుతుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. గాలి పీల్చే మిషన్ పిస్టన్‌ను కాల్చేస్తుంది, తప్పించుకోండి.
- బార్ కొసను తెల్ల కాగితానికి జానెడు దూరంలో పట్టి రేసు ఇవ్వండి. కాగితం మీద ఆయిల్ చారగా పడాలి.
- చైన్ తిరుగుతుండగా ముందు గార్డును మణికట్టుతో తోయండి. చైన్ ఠక్కున ఆగాలి. బ్రేకు లేని రంపాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. కొస తగిలి రంపం వెనక్కి ఎగిరినప్పుడు మీ ముఖానికి, చైనుకు మధ్య ఉండేది ఆ గార్డు ఒక్కటే.

9. దుంగ కోయండి. పదును ఉన్న చైన్ అయితే మీరు నొక్కకుండానే దిగుతుంది, ముక్కలు ముక్కలుగా పొట్టు వస్తుంది. పిండిలా దుమ్ము వస్తే పదును లేదు, దానికి ఆకురాయి చాలు. కోత ఒక పక్కకు వంకర పోతే పళ్లు ఒకవైపు పొట్టిగా ఉన్నాయి, లేదా బార్ అరిగింది. కోత మధ్యలో రంపం పైకెత్తి, రేసు అలాగే ఉంచి వినండి. కొంచెం గరగరమనే చప్పుడు రావాలి. అసలు గరగర లేకుండా కీచుమని పైకి పోతే మిశ్రమం పలచగా ఉంది, కార్బ్యురేటర్ సరిచేయకుండా ఇంకెక్కువ నడపకండి.

10. వేడి మీద మళ్లీ. నాలుగైదు కోతలయ్యాక ఆపండి. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ లాగండి. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి, వేడెక్కాక మొరాయించే మిషన్లు చాలా ఉంటాయి. కాయిల్ పోయినా, క్రాంక్ సీళ్లు పోయినా, బోరు అరిగినా ఇదే లక్షణం. కొనేవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టే మెట్టు ఇదే, ఎందుకంటే అప్పటికి బేరం మొదలైపోయి ఉంటుంది.

ఎంత పెద్ద మిషన్ కావాలో కూడా చాలామంది తప్పుగా లెక్కేస్తారు. సరుగుడు, సన్న నీలగిరికి 30–35 సీసీ చాలు. ఇంటి కట్టెలకు, తోట పనికి 45 సీసీ దగ్గరివి సరిపోతాయి. చింత, మామిడి, పాత వేప మొద్దులు రోజూ కోసేవాళ్లకే 70 సీసీ అవసరం. పెద్ద మిషన్ చేతులు నొప్పెట్టిస్తుంది, పెట్రోలు తాగుతుంది, దాని విడిభాగాలు గుణుపురంలో దొరక్క బరంపురానికో విశాఖపట్నానికో మనిషిని పంపాల్సి వస్తుంది.

ధర విషయంలో నా పద్ధతి ఇది. అదే మోడల్ కొత్తది ఈరోజు కొట్టులో ఎంతో కనుక్కోండి. అందులో సగాన్ని పైహద్దుగా పెట్టుకోండి. ఆ సగంలోంచి మార్చాల్సిన బార్, చైన్, చక్రం, కిట్టు ధరలు ఒక్కొక్కటీ తీసేయండి. మిగిలిందే మీ ధర. విడిభాగాల ధరలు బేరానికి ముందే ఫోనులో రాసుకుని వెళ్తే అమ్మేవాడు కూడా వాదించడు.

కట్టెలు చీల్చే మిషన్లు

హోటళ్లకు, కల్యాణ మండపాలకు వంటచెరకు సరఫరా చేసే కట్టెల అడితిల వాళ్లు ఎక్కువగా అడిగేది హైడ్రాలిక్ మిషన్ గురించి. వాటిలో అబద్ధం ఎక్కువగా టన్నుల దగ్గర చెబుతారు. "ఇరవై టన్నుల మిషన్" అంటే నమ్మకండి, సిలిండర్ కొలవండి. లోపలి వ్యాసం 100 మి.మీ., పీడనం 180 బార్ అయితే వచ్చే బలం సుమారు 14 టన్నులు. అదే పీడనంలో 125 మి.మీ. అయితే 22 టన్నుల పైచిలుకు. బయట టేపుతో కొలిస్తే గొట్టం మందం కూడా కలుస్తుందని మరవకండి, రెండు వైపులా కలిపి పదిహేను ఇరవై మిల్లీమీటర్లు తగ్గించాలి. పీడనం గేజి మిషన్ మీద లేకపోతే పంపు మీది ప్లేటు చదవండి.

చూడవలసిన వరుస:

1. ట్యాంకు మూత తీసి ఆయిల్ చూడండి. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిశాయి. వానలో బయట వదిలేశారు. పంపు ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము.
2. రాడ్డును పూర్తిగా బయటికి తెప్పించి, గుడ్డతో తుడిచి, గోరుతో గీరి చూడండి. గోరుకు తగిలే గీతలుంటే సీళ్లు మార్చినా మళ్లీ కారతాయి.
3. గుమ్మటంలాంటి చింత మొద్దును, ముడి ఉన్న వైపు నుంచి పెట్టి చీల్చమనండి. అది చీలకపోతే మిషన్ పూర్తి పీడనం దగ్గర ఆగి నిలబడాలి. అలా నిలబడకుండా ఇంజను ఆగిపోతే, లేదా బెల్టు జారితే బలం సరిపోవడం లేదు.
4. కొయ్యలో దిగిన స్థితిలో మిషన్ ఆపి, రెండు నిమిషాల తర్వాత రాడ్డు దానంతటదే వెనక్కి జారిందేమో గమనించండి. జారితే లోపల సీలు పోయింది.
5. చీలిక కత్తి మొదట్లో, అడుగు దిమ్మ దగ్గర వెల్డింగు చూడండి. పగులు మీద రంగు పూసి ఉండవచ్చు. కొత్త రంగు ఎక్కడ వేశారో అక్కడే గీరి చూడండి.
6. పావుగంట పని చేయించి గొట్టాలను ముట్టుకోకుండా చూడండి. హైడ్రాలిక్ గొట్టంలో సూది మొన అంత కన్నం పడినా ఆ ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కారుతోందేమో చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి.

రెండు లివర్లు రెండు చేతులతో పట్టుకుంటేనే కదిలే మిషన్ నయం. ఒక లివర్‌ను తాడుతో కట్టేసి ఒంటి చేత్తో నడిపే మిషన్ అమ్మకానికి వస్తే, కొన్న రోజునే ఆ తాడు కోసేయండి.

తిరిగే మర ములుకుతో చీల్చే మిషన్లు కూడా చవకగా దొరుకుతాయి. నేను వద్దనే చెబుతాను. కట్టె చేత్తో పట్టుకుని ములుకుకు ఆనించాలి, లుంగీ అంచో తలగుడ్డ కొసో చీర కొంగో చిక్కితే ఆపడానికి సమయం ఉండదు.

ట్రాక్టరుకు తగిలించే మిషన్ అయితే పీటీఓ షాఫ్టు (ట్రాక్టరు వెనుక తిరుగుతూ మిషన్‌ను నడిపే ఇరుసు) మీద కప్పు ఉందో లేదో చూడండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లదా, 1000 చుట్లదా అన్నది మిషన్ ప్లేటుతో సరిపోవాలి. మన దగ్గరి ట్రాక్టర్లలో మామూలుగా ఉండేది ఆరు గాడుల 540 షాఫ్టే.

రంపపు బల్ల విషయంలో ఆగండి

గుండ్రటి రంపం బల్ల, బ్యాండ్ రంపం చవకగా వస్తున్నాయంటే తరచూ అనుమతి సమస్యే కారణం. ఒడిశా సా మిల్లులు, సా పిట్ల నియంత్రణ చట్టం 1991 అడవి సరిహద్దు నుంచి పది కిలోమీటర్ల లోపల మిల్లు పెట్టడాన్ని కట్టడి చేస్తుంది. గజపతి, రాయగడ జిల్లాల్లో ఆ పది కిలోమీటర్లు ఎంత త్వరగా వచ్చేస్తాయో మీకే తెలుసు. సుప్రీంకోర్టు అడవుల రక్షణకు సంబంధించిన గోదవర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత కలప మిల్లుల మీద నిఘా ఇంకా పెరిగింది. మిషన్ కొన్నంత మాత్రాన పాత యజమాని లైసెన్సు మీది కాదు. "ఇది కట్టెలకేనండీ, కలపకు కాదు" అని నోటిమాటతో సరిపెట్టుకోకుండా, డబ్బు ఇవ్వకముందే డివిజనల్ ఫారెస్టు ఆఫీసులో దరఖాస్తు పెట్టి రాతలో జవాబు తెచ్చుకోండి. జవాబు రాకముందు అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

కట్టె తరలించడం వేరే విషయం. మీ సొంత భూమిలో చెట్టయినా, ఏ జాతికి రవాణా అనుమతి కావాలో, దేనికి మినహాయింపు ఉందో అన్నది నది దాటితే మారిపోతుంది. సొంత భూముల కలపకు రాష్ట్రాల మధ్య చెల్లే ఆన్‌లైన్ పాసు పద్ధతిని కేంద్రం 2023 డిసెంబరు చివర్లో దేశమంతటికీ తెచ్చింది. లోడు ఎక్కించే ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో అడగండి. మిషన్ టెస్టు చేసిన దుంగలను అదే బండిలో వేసుకుని చెక్‌పోస్టు దాటవద్దు, కొత్త రంపం కూడా దుంగలతో పాటు ఆగిపోతుంది.

మిషన్‌తో పాటు ట్రాక్టరు కూడా వస్తుంటే

ఇక్కడ తప్పు చేస్తే ఖరీదు ఎక్కువ. ఓడీ 18, ఓడీ 20 నంబరు ట్రాక్టరును ఆంధ్రలోకి, లేదా ఏపీ నంబరును ఒడిశాలోకి తెచ్చుకుంటే:

- పాత రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి.
- యాజమాన్యం మార్పుకు ఫారం 29, ఫారం 30.
- ఆర్సీ మీద బ్యాంకు అప్పు రాసి ఉంటే ఫారం 35, బ్యాంకు ఉత్తరం. అప్పు తీరిందని మాట ఇస్తే కాదు, ఆర్సీ మీద ఆ రాత తీసేసి ఉండాలి.
- ఒక రాష్ట్రం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు వేయించుకోవాలి.

ఛాసిస్ నంబరును పెన్సిలుతో కాగితం మీద అద్ది ఆర్సీతో పోల్చండి. ఫోటో మీద ఆధారపడకండి.

తరచూ జరిగే తప్పులు

సంతలో ఎండలో, చుట్టూ జనం ఉండగా పరీక్షించడం మొదటిది. వెనుక నిలబడ్డవాళ్లు "బాగుందిలే, తీసుకో" అంటుంటే సైలెన్సర్ విప్పడానికి చేతులు రావు. అమ్మేవాడి ఇంటికో షెడ్డుకో వెళ్లండి, మిషన్ ఎలా పెట్టుకున్నాడో కూడా అక్కడే తెలుస్తుంది.

రెండోది పొగ చూసి భయపడటం. రెండు స్ట్రోకుల ఇంజను కొంచెం నీలిపొగ వదలడం సహజం. పొగ అసలు రాకపోతేనే ట్యాంకు మళ్లీ చూడాలి.

కొత్త చైన్ వేసి ఉందని ధర పెంచి ఇచ్చేయడం ఇంకొకటి. అమ్మే ముందు కొత్త చైన్ వేయడం మామూలే. దాని కింద చక్రం, బార్ పాతవే ఉంటాయి.

కొన్న మర్నాడే పాత ఆయిల్ డబ్బాతో కలిపిన పెట్రోలు పోయడం కూడా చూస్తుంటాం. కంపెనీ సొంత ఆయిల్ అయితే సాధారణంగా లీటరుకు 20 మి.లీ., వేరే టూటీ ఆయిల్ అయితే లీటరుకు 40 మి.లీ. అని స్టిల్ చెబుతుంది. మీ మోడల్ పుస్తకంలో ఏముందో చూసి అదే పాటించండి. "కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే" అనుకుని అంచనాగా పోయకండి, ప్లగ్గు మసిబారి మొరాయిస్తుంది. చైనుకు వాడేసిన ఇంజను ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. అందులోని లోహపు రజను బార్‌ను తినేస్తుంది.

కొన్నాక సరిచూసుకోవడం

ఇంటికి తెచ్చాక ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ మార్చండి. రెండు మూడు ట్యాంకులు నడిపాక, పూర్తి రేసు మీద కోస్తుండగానే ఆపి ప్లగ్గు విప్పండి. కాఫీ పొడి రంగులో ఉంటే అంతా సవ్యం. తెల్లగా కాలి ఉంటే మిశ్రమం పలచన, వెంటనే మెకానిక్కుకు చూపించండి. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ, లేదా ఫిల్టర్ మూసుకుంది. పెట్రోలు ట్యాంకు ఒకటి అయిపోయేసరికి చైన్ ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. ఆయిల్ మిగిలిపోతోందంటే పంపు తక్కువ పోస్తోంది.

పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ తనంతట తాను ఆగేదాకా నడిపి పెట్టండి.

అమ్మేవాళ్లకు

మిషన్‌కు రంగు వేయకండి. కడిగి, పీచు, పొట్టు తీసి, పదును పెట్టి, ఉన్న గీతలతోనే ఫోటోలు తీయండి. నంబరు స్పష్టంగా కనిపించే ఫోటోను అందరికీ పంపవద్దు, వచ్చి చూసినవాళ్లకు చూపించండి. లోపం ఉంటే ముందే చెప్పండి. ఎలాగూ సైలెన్సర్ విప్పితే కనిపిస్తుంది, అప్పుడు మీ మిగతా మాటలకు కూడా విలువ పోతుంది. కొనేవాళ్లు వచ్చే రోజు మిషన్ ముట్టుకోకండి, చల్లగానే ఉంచండి. అది ఎంత నమ్మకం తెస్తుందో ధరలో మీకే కనిపిస్తుంది.

ఫోనులో మాట్లాడి, చూడకుండానే అడిగిన ధర ఒప్పేసుకుని, "క్యూఆర్ కోడ్ పంపుతున్నాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అనేవాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొడితే మీ డబ్బే పోతుంది.

రసీదు రెండు ప్రతులు రాయండి. కొనేవారికి ఒడియా మాత్రమే చదవడం వస్తే ఒడియాలో కూడా రాయించండి, చదవలేని కాగితం మీద ఎవరిచేతా సంతకం పెట్టించవద్దు. ఇలా రాస్తే సరిపోతుంది:

"నేను ........, తండ్రి పేరు ........, గ్రామం ........, నా సొంతమైన చైన్ రంపం, కంపెనీ ........, మోడల్ ........, నంబరు ........, ........ రూపాయలకు ........ గ్రామ నివాసి ........ గారికి ఈ రోజు ........ తేదీన ........ గంటలకు అమ్మి, అసలు బిల్లుతో సహా అప్పగించాను. ఈ సమయానికి ముందు ఈ మిషన్ వాడకానికి బాధ్యత నాది, తర్వాత బాధ్యత కొన్నవారిది. ఉన్న లోపాలు ........ కొన్నవారికి చూపించాను."

గంట కూడా ఎందుకంటే, ఆ రాత్రి ఆ రంపం ఎక్కడికి పోతుందో మీకు తెలియదు. ఇద్దరు సాక్షుల సంతకాలు, ఫోను నంబర్లు రాయించండి. కొన్నవారి ఆధార్ నకలు తీసుకుంటే దాని మీద "చైన్ రంపం కొనుగోలుకు మాత్రమే" అని అడ్డంగా రాయించండి. మీ నకలు మీద కూడా అలాగే రాయండి. ట్రాక్టరు అమ్మితే, అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో ఫారం 29 మీరే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పంపాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ వంతు చేయాలి. బండి వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్‌ది అయితే నిరభ్యంతర పత్రం పంపడానికి మీకు 45 రోజులు. "నేను మార్పించుకుంటానులెండి" అని కొన్నవారు తాళం పట్టుకెళ్లినా మీ పని మీరు చేసి, ఆఫీసు ముద్ర పడిన రసీదును బిల్లు నకలుతో పాటు దాచుకోండి.